ఉతికిన చొక్కా

చొక్కా ఉతికి, పిండి, దులిపి, తీగ మీద వేసి రెండు క్లిప్పులు పెట్టాక గానీ ఆమెకి గుర్తు రాలేదు, అది ఉతకకూడని చొక్కా అని.

తీగ మీంచి లాగేసి ముక్కుకి ఆనించుకుని చూసింది. సబ్బు వాసన తప్ప మరో వాసన లేదు. మొగుడి వాసన రవ్వంతైనా మిగల్లేదు.

ముందు రోజు సాయంత్రమే ఆ చొక్కాని కుర్చీ వీపు మీద వేసి మరీ చెప్పాడాయన. "దీన్ని ముట్టుకోకు. రేపు పొద్దున కుక్కల పెద్దమ్మ మనిషి వస్తాడు, ఇచ్చి పంపు. ఉతక్కు. బుర్రకెక్కిందా? చెప్పిన పని చెయ్యవు గానీ, చెప్పని పనులు మాత్రం ఎగబడి చేస్తావు."

ఊరి చివర జాతి కుక్కల్ని పెంచి అమ్మే ముసలావిడని అందరూ కుక్కల పెద్దమ్మ అంటారు. ఆవిడది ఒక పద్ధతి. కుక్కపిల్లని కొనుక్కోదలచిన వాళ్ళు వారం ముందే ఒంటి మీద విడిచిన బట్ట పంపాలి. ఆవిడ దాన్ని పిల్లల దొడ్లో పరుస్తుంది. అవి దాని మీదే పడుకుంటాయి, పొర్లుతాయి, ఆ వాసనకి అలవాటు పడతాయి. వారం తర్వాత ఆ మనిషి వస్తే, తనంతట తాను నడిచొచ్చిన పిల్లనే ఇస్తుంది. ఏదీ రాకపోతే, ఎంత ఇస్తామన్నా ఇవ్వదు.

ఇంకో విడిచిన చొక్కా పంపొచ్చు కదా అంటారేమో. ఆ ఇంట్లో విడిచిన బట్ట అనేది ఉంటే కదా! బుట్టలో మాసిన గుడ్డ కనిపిస్తే చాలు ఆయన ముక్కు చిట్లిస్తాడు. అందుకని ఆమె పొద్దున్నే లేస్తూనే కళ్ళు మూసుకునైనా అన్నీ ఉతికి పడేస్తుంది. ఇంట్లో ఉతికేది సరిపోనట్టు ఆమె ఉద్యోగం కూడా ఉతకడమే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఎనిమిదేళ్ళుగా పని. అక్కడ ఆమెని మరకలమ్మ అంటారు. "మరకలమ్మ చేతిలో పడ్డాక మరక బతికి బట్ట కట్టదు" అని మేస్త్రి నవ్వుతాడు. నెత్తుటి మరకకి వేడినీళ్ళు తగలనివ్వకూడదని, చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాలని కొత్తగా చేరిన వాళ్ళకి నేర్పేది ఆమే. ఆ విద్య ఇంట్లోనూ పనికొచ్చిన రోజులున్నాయి. దిండు గలేబులకి.

ఆయన అరిచే మనిషి కాదు. అరిచేవాడైతే పక్కింటివాళ్ళైనా వినేవాళ్ళు. కోపమొస్తే గొంతు తగ్గిస్తాడు. గొంతు ఎంత తగ్గితే ఆమెకి అంత వణుకు. "ఇలా రా" అని మెల్లగా అన్నాడంటే ముందు కిటికీలు మూసుకుంటాయి, తర్వాత తలుపు. పక్క గదిలో అత్తగారు టీవీ సౌండు పెంచుతుంది. మర్నాడు కోడలి మొహం చూసి, "చూసుకుని నడవాలమ్మా, ఎప్పుడూ తలుపులకి కొట్టుకుంటావేం" అంటుంది. ఆవిడకి తెలీక కాదు.

బయట గేటు చప్పుడైంది. పెద్దమ్మ మనిషి వచ్చేశాడు. ఆమెకి చెమటలు పట్టాయి. ఆ చెమటే ఉపాయం చెప్పింది. చేతిలో ఉన్న తడి చొక్కాతో మొహం తుడుచుకుంది, మెడ తుడుచుకుంది. అప్పుడే నిద్ర లేచొచ్చిన ఆరేళ్ళ కూతురు చిట్టి తలని దాంతోనే గట్టిగా తుడిచేసింది. ఒకింటి మనుషులమే కదా, ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళమే కదా, కుక్కపిల్లకి మాత్రం ఏం తెలుస్తుందిలే అనుకుని సంచీలో కుక్కి ఇచ్చేసింది.

ఇచ్చాక మొదలైంది అసలు భయం. ఆ వారం రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన స్కూటరు మలుపు తిరిగిన చప్పుడు వింటే చేతిలో గరిటె జారేది. "చొక్కా ఇచ్చావా?" అని మొదటి రోజు అడిగాడు. "ఇచ్చాను" అంది. అబద్ధం కాదు.

చిట్టి అయితే ఏ కుక్కపిల్లైనా సరే అంది. లాండ్రీ వెనక తిరిగే కుక్కపిల్లల్లో ఒకటి తెచ్చుకుందామని బతిమాలింది కూడా. దానికాయన, "నాలుగు తరాల పేర్లు కాగితం మీద ఉండాలి. తల్లీ తండ్రీ ఎవరో తెలిస్తేనే రేపది ఎలా మసులుకుంటుందో తెలిసేది. కలగలుపు సరుకు ఇంట్లో ఒకటుంది, చాలు" అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది. కోడలి అమ్మదొక కులం, నాన్నదొక కులం. ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారు. పదేళ్ళ నుంచీ ఆ ఇంట్లో పాలు పొంగిపోయినా, పిల్లకి జలుబు చేసినా ఆ పెళ్ళి దగ్గరికే వెళ్తుంది మాట. ఆమె విననట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

ఆ రోజు రానే వచ్చింది. ముగ్గురూ స్కూటరు మీద వెళ్ళారు. పెద్దమ్మ ఇంటి వెనక ఇనప తీగల దొడ్డి. మూల నీళ్ళ తొట్టి, మధ్యలో ఆ చొక్కా. మట్టికొట్టుకుపోయి, ఒక చెయ్యి చిరిగిపోయి ఉంది. దాని మీద నాలుగు పిల్లలు నిద్రపోతున్నాయి. మూడు తేనె రంగువి, నున్నగా, అచ్చు పోసినట్టున్నాయి. నాలుగోది మాత్రం నల్లటి ఒళ్ళు, తెల్లటి కాలు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి.

"ఇదెక్కడిది?" అన్నాడాయన.

"దీని తల్లి నా కుక్కే నాయనా. తండ్రి గోడ దూకొచ్చాడు. ఏం చేస్తాం, నన్నడిగి దూకాడా?" అని నవ్వింది పెద్దమ్మ. "దానికి కాగితాల్లేవు, ధరా లేదు. అది ఎవరి వెంట వెళ్తే వాళ్ళది. నువ్వు కూర్చో. పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. అవే రావాలి."

ఆయన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆమె అల్లంత దూరంగా, గోడకి అతుక్కుపోయి నిలబడింది. చిట్టి ఆమె కొంగు పట్టుకుంది.

తేనె రంగు పిల్ల ఒకటి లేచింది. ఆయన బూట్లు వాసన చూసింది. తుమ్మింది. ఆయన్ని దాటుకుని తిన్నగా ఆమె వైపు నడిచింది. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరూ చూడకుండా కాలి బొటనవేలితో దాన్ని వెనక్కి నెట్టింది. 'పోవే తల్లీ, ఆయన దగ్గరికి పో, నీకు పుణ్యముంటుంది' అని లోపల్లోపల మొక్కుకుంది. అది పోలేదు. దాని వెనకే రెండోది. ఆ వెనక చెవి వాలిన నల్లది గునగునా వచ్చి చిట్టి పాదం మీద బోర్లా పడుకుంది.

పెద్దమ్మ చొక్కాని చూసింది, ఆమెని చూసింది, ఆమె మణికట్టు మీద పసుపుపచ్చగా మానుతున్న కమిలిన చారని చూసింది. ఆవిడకి అంతా తెలిసిపోయింది. "నీ దగ్గరికి ఒక్కటీ రాలేదు నాయనా. నేనివ్వను" అంది, అంతే.

"రాకపోవడమేంటి? జాతి పిల్లకి భయం నేర్పితే మాట అదే వింటుంది. చూడండి," అని ఆయన లేచి, దగ్గరున్న తేనె రంగు పిల్ల మీదికి అరచెయ్యి పైకెత్తాడు. కొట్టలేదు. ఊరికే ఎత్తాడు.

కుక్కపిల్ల నేలకి కరుచుకుపోయి తడిపేసుకుంది. చిట్టి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, మోచేతుల మధ్య మొహం దాచుకుని, గొంతుక్కూర్చుంది.



ఆయన చిట్టి మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. ఆ ఒక్క మాటే ఆమె ఆరేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటున్న ఓదార్పు. పిల్ల జోలికి రాడు కదా, అది చాలు, మిగతాది నేను పడతాను అని. మరి ఈ పిల్ల ఇలా మోచేతులు అడ్డం పెట్టుకోవడం ఎక్కడ నేర్చుకుంది? టీవీ సౌండు పెంచిన గదిలోంచి, తలుపు సందులోంచి, ఎవరిని చూసి నేర్చుకుంది?

ఆయన ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "ఆ చొక్కాని ఏం చేశావు?"

వారం రోజులుగా ఆ ప్రశ్న కోసమే వణికింది ఆమె. ఇప్పుడూ వణికింది.

"ఉతికాను," అంది. "తర్వాత మా ఇద్దరి చెమటా తుడిచి పంపాను. అందులో మీ వాసన లేదు."

"స్కూటరెక్కు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఆ మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. కిటికీలూ తెలుసు, ఉప్పు నీళ్ళూ తెలుసు. ఆమె ఎక్కలేదు. కూతురి ముందు చతికిలబడి, నెత్తి మీద బిగుసుకుపోయిన ఆ చిన్న చేతుల్ని ఒక్కొక్క వేలే విడదీసి కిందికి దించింది. దించిన చేతుల్లోకి చెవి వాలిన పిల్ల తనే వచ్చి దూరింది.

పెద్దమ్మ ఆయనకీ ఆమెకీ నడుమ వచ్చి నిలబడింది. ఆవిడ వెనక పెద్ద కుక్కలు రెండు లేచి నిలబడ్డాయి. ఆయన వాటి వంక చూశాడు. "నిన్ను ఎవరు ఉంచుకుంటారో నేనూ చూస్తాను" అనేసి వెళ్ళి స్కూటరు స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు మలుపు తిరిగింది. తర్వాత కూడా భయం పోలేదు. ఇంకా పెరిగింది, నిజం చెప్పాలంటే.

"పెద్దమ్మా, ఒకసారి ఫోను ఇస్తారా?"

ఆమె సొంత అక్క ఎన్నో ఏళ్ళుగా ఒకే మాట చెప్తూ వచ్చింది, 'నేను తలుపు గడియ పెట్టనే, ఎప్పుడైనా తోసుకుని వచ్చెయ్' అని. ఆ నంబరు ఎక్కడా రాసుకోలేదు, ఆయన చూస్తాడని. వేళ్ళకే గుర్తుంది. అటు నుంచి "హలో" అని వినపడింది. చిట్టినీ, చిట్టి ఒళ్ళోని నల్లదాన్నీ చూసుకుని, అంది:

"అక్కా, ముగ్గురం వస్తున్నాం."