మాత్ర ఆమెకు, పథ్యం ఆయనకు

చల్లపల్లి అవతల, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ఇళ్ళలోనూ ఒకటే పని, రొయ్యలు ఒలవడం. ప్రసంగం పొడుగైతే ముందు వరసలోవాళ్ళు పాస్టరు గారికి గడియారం చూపించేవారు. ఆయన ఇంట్లోనూ రొయ్యలే కాబట్టి త్వరగా దీవించేసేవారు.

ఇశ్రాయేలు చెరువుల దగ్గర మేస్త్రీ. రొయ్యలంటే ప్రాణం. ఆయన తింటే దద్దుర్లు మాత్రం భార్య ఆదెమ్మకు లేచేవి. పెళ్ళయిన నాటినుంచీ అంతే.

"మా ఆయన తాగితే తలనొప్పి నాకు రావట్లేదా అక్కా? ఇదీ అంతే," అని పక్కింటి శివపార్వతి తేల్చేసింది. ఇశ్రాయేలు బయట ఏం తిన్నాడో ఆదెమ్మ చేతులు చూసి ఊరు చెప్పేది. చిన్న దద్దుర్లయితే వెనామీ రొయ్య, అరచేతంతవైతే టైగరు రొయ్య.

తింటూ తింటూ ఆయనకు పొలమారేది. నెత్తి మీద తట్టుకుని, "ఎవరో తలుచుకుంటున్నారే," అని మురిసిపోయి, మంచినీళ్ళు తాగి మళ్ళీ వడ్డించుకునేవాడు. ఆయన్ని అంతగా తలుచుకునేవాళ్ళు ఎవరా అని ఊరు ఆరా తీసింది. మేత కోసం చూసే రొయ్యలు తప్ప ఎవరూ తేలలేదు.

ఒకసారి ఆదెమ్మ ముఖమంతా వాస్తే విజయవాడ తీసుకెళ్ళాడు. డాక్టర్ జ్ఞానేశ్వరి చెయ్యి తిప్పి చూసింది.

"రొయ్యలు తిన్నారా?"

"నేను కాదండీ, మా ఆయన."

డాక్టరమ్మ తల ఊపి, కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"ఈ దురదకు కారణం హిస్టమిన్. దాన్ని ఒంట్లో కణాలే తయారుచేసి దాచుకుంటాయి. పడనిది తగిలితే వదులుతాయి. తగినంత అయ్యాక ఆ హిస్టమినే వెనక్కెళ్ళి, ఇక చాలు, తయారు చెయ్యొద్దు, అని చెప్తుంది. ఎవరి ఒంటి అదుపు వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది. ఈవిడకు ఆ చాలు అనే కబురే చేరాల్సిన చోటికి చేరట్లేదు."

"ఎటు పోతోందండీ మరి?"

"అది మీరే కనిపెట్టాలి. మాత్ర ఆమెకు. పథ్యం మీకు."

"దద్దుర్లు నీకైతే పథ్యం నాకేంటే?" అని బస్సులో దారి పొడుగునా గొణిగాడు.

"పోనీలెండి, నాకలవాటేగా," అంది ఆదెమ్మ కిటికీ వైపు చూస్తూ. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఊళ్ళో ఇప్పటికీ అనుకుంటారు.

పథ్యం ఉపవాసాల శ్రమదినాలు ముగిసేదాకా సాగింది. ఈస్టరు వెళ్ళాక హనుమాన్ జంక్షన్‌లో రొయ్యల వ్యాపారి తిరుపతిరావు కూతురి పెళ్ళికి ఆయనొక్కడే వెళ్ళాడు.

"ఈ రొయ్యలు మీ చెరువువే ఇశ్రాయేలు గారూ. మీరే తినకపోతే జనం ఏమనుకుంటారండీ?" అన్నాడు తిరుపతిరావు.

చెరువు పరువు కాపాడటానికి ఇశ్రాయేలు కూర్చున్నాడు. పొలమారింది. నీళ్ళు తాగాడు. మళ్ళీ పొలమారింది. "ఇవాళ నన్ను వదిలేటట్టు లేరే!" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. మూడోసారి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎవరో వీపు నిమిరి రొయ్యల పలావు వడ్డించారు. ఆ తర్వాత ఇక పొలమారలేదు. హాయిగా తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆదెమ్మను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. గొంతు వాచి ఊపిరాడలేదు. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

"ఏమైనా అందా?" అని అడిగాడు శివపార్వతిని.

"మాట వస్తేగా బావగారూ! గొంతు పట్టుకుని, చాలు చాలు అన్నట్టు చెయ్యి ఊపింది. మూడుసార్లు. తర్వాత ఊపడం మానేసింది."

ఇశ్రాయేలు తన గొంతు తడుముకున్నాడు.

సమాధి దగ్గర పాస్టరు గారు ఎంతసేపు మాట్లాడినా ఎవరూ గడియారం చూపించలేదు.

ఇప్పుడు ఆదివారం ఆయన ఒక్క రొయ్య తింటాడు. ఆమెకు లేచిన చోటే ఆయనకు దద్దుర్లు లేస్తాయి. గోక్కోడు. మాత్ర వేసుకోడు. మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుంటాడు.

"తిని లేవండి బావగారూ, దేనికా ఎదురుచూపు?" అంటుంది శివపార్వతి గోడ మీదుగా.

"పొలమారుతుందేమోనమ్మా," అంటాడు.

ముద్ద మాత్రం సాఫీగా దిగిపోతుంది.