ఇశ్రాయేలు నావకి మోటారు

కొబ్బరిచెట్టు మీంచి పడ్డాక ఇశ్రాయేలు కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. అన్నం కలుపుకోడానికి పనికొచ్చేది గాని తెడ్డు వెయ్యడానికి కాదు. అప్పట్నుంచి అంతర్వేది దగ్గర గోదావరిలో వాళ్ళ చిన్న నావని నడిపేది అతని భార్య ఎలీసమ్మే. అతను ఎడంచేత్తో వల వదిలేవాడు, ఆమె తెడ్డు వేసేది. ఆమెకి ఆయాసం. ఒడ్డు చేరాక కాసేపటిదాకా నోట మాట వచ్చేది కాదు. ఇశ్రాయేలు చూడనట్టే అటు తిరిగి వల దులుపుకునేవాడు.

నావకి మోటారు పెట్టించాలన్న ఆలోచన అలా పుట్టింది. మొదట అదే రేవులో చేపలు పట్టే జగ్గారావు నావకున్న కిరసనాయిలు ఇంజను చూడబోయాడు. జగ్గారావు ఏదీ దాచుకోలేదు.

"మీ నావకి ఇది బరువైపోద్దండి. దీని అదురుకి చెక్కల అతుకులు వదిలేస్తాయి. ఆపైన కిరసనాయిలు దొరకొద్దూ? కాని ఎదురునీటికి నిలబడేది మాత్రం ఇదేనండి."

ఆ ఎనభై అయిదు వేసవిలోనే ఎలీసమ్మ తమ్ముడు బాబూరావు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వస్తూ వస్తూ ఒక బ్యాటరీ మోటారు తెచ్చాడు. పొడుగాటి గొట్టం, అడుగున చిన్న పంకా, పైన పట్టుకోడానికి పిడి. అక్కడ తన యజమాని వద్దని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాడట.

"చప్పుడుండదు బావగారూ, పొగుండదు. లారీ బ్యాటరీ తగిలిస్తే చాలండి."

"నమ్మకంగా నడుస్తాదంటావా?"

"ఆయ్! అక్కడ ఏళ్ళ తరబడి నడిచిందండి. ఒడ్డు పక్కనే సరదాకి తిరుగుతా గాలం వేసుకునేవోరు."

ఆ 'సరదాకి' అన్న మాట ఎలీసమ్మ చెవిన పడింది. కాని ఆమె చేతులు అప్పటికే తెడ్డు వదిలేసినట్టున్నాయి.

పాత లారీ బ్యాటరీ ఒకటి కొని, పోటు నిండి నీళ్ళు నిలకడగా ఉన్న పూట బిగించి చూశారు. తుమ్మెద రొదలాంటి సన్నని చప్పుడుతో నావ దానంతటదే కదిలింది. ఇశ్రాయేలు ఎడంచేత్తో పిడి పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఎలీసమ్మ నావ ముందు భాగాన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరికే కూర్చుని గోదావరిని చూడటం ఆమెకి కొత్త.

బాబూరావు మస్కట్ వెళ్ళిపోయాడు. బ్యాటరీని ఎలీసమ్మ బస్సులో రాజోలు తీసుకెళ్ళి చార్జింగు పెట్టించుకు రావలసి వచ్చేది. వెళ్ళిననాడు కరెంటు ఉండదు, ఉన్ననాడు బస్సు రాదు. రానురాను ఎంతసేపు చార్జింగు పెట్టినా సగం దారిలోనే నీరసపడేది. మిగతా సగం ఎలీసమ్మ మళ్ళీ తెడ్డే వేసింది.

"పాత సరుకమ్మా, ఇంతకంటే పట్టదు," అన్నాడు చార్జింగు కొట్టతను.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. ఎర్రనీటితో పాటు పులసలూ వచ్చాయి. ఆ నాలుగు చేపల కోసమే ఏడాదంతా కాచుకునేవాళ్ళు ఒడ్డు పొడుగునా నావలు దించారు.

"గోదారి వరద మీదుందండీ. దానికి సముద్రంలోకి లాగే ఆటు కూడా తోడైతే ఎలాగ?" అంది ఎలీసమ్మ.

"ఈ నీటిలో తెడ్డు నువ్వు వెయ్యగలవా?"

ఆమె గోడకానించిన తెడ్డు కేసి చూసింది.

"మరింక మోటారు కాక ఏముంది మనకి?"

వెళ్ళారు. వల వదిలేదాకా బాగానే ఉంది. ఆటు మొదలయ్యాక నావ ముక్కు ఊరివైపే ఉంది, పంకా తిరుగుతూనే ఉంది, కాని గట్టు మీది కొబ్బరిచెట్లు ఒకటొకటిగా ముందుకి జరిగిపోతున్నాయి. నావ సముద్రం వైపు వెనక్కి పోతోందని ఎలీసమ్మకి తెలిసింది. తెడ్డు అందుకుంది. అంతలో మోటారు రొద ఆగిపోయింది. ఏమైందో చూద్దామని ఇశ్రాయేలు గొట్టాన్ని పైకి లాగబోయాడు. అలవాటు చొప్పున కుడిచెయ్యే ముందుకు వెళ్ళింది. అది లేవలేదు. నావ అడ్డం తిరిగింది. ఎర్రనీరు అంచు దాటి లోపలికి దూకింది.

బోర్లాపడ్డ నావని ఒక చేత్తో, మొగుడి చొక్కాని ఇంకో చేత్తో పట్టుకుని వేలాడింది ఎలీసమ్మ. జగ్గారావు నావ వచ్చి ఇద్దర్నీ లాగింది. వాళ్ళ నావని లాగడానికి మాత్రం వీలవలేదు. మోటారు, వల, బ్యాటరీ అన్నిటితో సహా అది గోదావరి మొగ దాటి సముద్రంలోకి పోయింది.

ఒడ్డున వణుకుతూనే అడిగాడు ఇశ్రాయేలు: "మీ ఇంజనయితే మా నావ నిలబడేదాండి?"

జగ్గారావు తల గుడ్డ విప్పి పిండాడు. "ఈ నీటికి ఇంజనున్న నేనే వల వెయ్యకుండా తిరిగొచ్చేస్తన్నానండి," అన్నాడు.

ఎలీసమ్మ కొబ్బరి పీచు కొట్టే పనిలో కుదిరింది. ఇశ్రాయేలు ఇంట్లోనే ఉండిపోయాడు. నావలకి మోటార్లు పెట్టుకోవాలనుకునేవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి అతన్ని సలహా అడిగేవారు. రెండు రకాలూ చూసినవాడు కదా.

ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి ఐ.పోలవరం నుంచి వచ్చినాయన అరుగు మీద ఉన్నాడు. ఇశ్రాయేలు ముఖం వెలిగిపోతోంది. నీటి లోతు ఎంతుంటే ఏది పనికొస్తుందో, నావ బరువుకి ఏది తగుతుందో, ఎడంచేత్తో గాల్లో గీసి మరీ చెబుతున్నాడు. ఆ మనిషి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఈసారి మనకి..." అన్నాడు ఇశ్రాయేలు, ఇంకా ఆ ఊపులోనే.

"మనకి నావేదండీ?" అంది ఎలీసమ్మ.

అతను వీధి వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది.