ఎర్ర కారు పందెం

ఆ ఎర్ర కారు ఇంజను ఎందుకు పగల్లేదు?

ఆయిల్ ఫిల్టరు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఏళ్ళ తరబడి మెకానిక్ శకునానికి ఇదే అనుమానం. ఇవాళ కూడా అదే అనుకుంటూ ఫిల్టరు డబ్బాని బెంచీ మీద నిలబెట్టాడు. దాని మెడకు కట్టర్ బిగించి నెమ్మదిగా తిప్పసాగాడు. అరచేతిలో ఇమిడే పనిముట్టు. దాని చిన్న చక్రం రేకుని కోసుకుంటూ పోతుంది. డబ్బా రెండుగా విడిపోతే లోపల మడతలు మడతలుగా కాగితం ఉంటుంది. దాన్ని విసనకర్రలా విప్పి వెలుతురులో చూడటం అతని పని. ఇంజన్లో ఏది అరిగినా ఆ పొడి ముందుగా చేరేది అక్కడికే.

ట్రాక్ మీద పరిగెత్తే కార్ల షెడ్డు అది. వీధిలో తిరిగే కారు ఏడాదంతా పడే బాధ ఇక్కడి కారు ఒక్క పూటలో పడుతుంది. అందుకే నూనె వేడెక్కకముందు గట్టిగా తొక్కొద్దంటాడు. పరుగు అయిన వెంటనే ఇంజను ఆపొద్దంటాడు. నూనె పాడయ్యేదాకా ఉంచొద్దంటాడు. ఎప్పుడు నోరు విప్పినా ఏదో విరుగుతుందనే అంటాడు కాబట్టి శకునం అన్న పేరు స్థిరపడిపోయింది. చాటుగా అనడం కూడా కాదు, మొహం మీదే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మేస్త్రీ. షెడ్డు మేస్త్రీదే. పైగా శకునానికి తోడల్లుడు, భార్య అక్క మొగుడు.

ఇద్దరికీ మాటలు పోయింది ఎర్ర కారు దగ్గరే. దాని బేరింగులు అరిగాయి, ఈ సీజన్ దాటదన్నాడు శకునం. నిక్షేపంలా దాటుతుందన్నాడు మేస్త్రీ. దాటితే నా కట్టర్ నీకిచ్చేస్తానని శకునం అందరి ముందూ పందెం కాశాడు. ఎర్ర కారు దాటింది. కట్టర్ మాత్రం చేతులు మారలేదు. ఎందుకంటే ఆ సీజనంతా ప్రతి పరుగు తర్వాత, మేస్త్రీ భోజనానికి వెళ్ళినప్పుడు, శకునం ఆ కారుకి కొత్త నూనె పోస్తూ వచ్చాడు. విరగబోయేదాన్ని చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు. మరి అతని మాట తప్పయిందా, తన చేత్తోనే దాన్ని తప్పు చేసుకున్నాడా? పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి కూడా అడిగాడు. విరగని వస్తువు ఎవరి పుణ్యాన నిలిచిందో ఆయన ఎవరికీ చెప్పినట్టు లేదు.

అక్కాచెల్లెళ్ళు మాత్రం సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటూ వీళ్ళిద్దరి గురించే నవ్వుకుంటారు.

కాగితం విప్పాడు. మడతల నిండా సన్నటి మెరుపు.

కారు తెల్లది, పళ్ళ డాక్టరుది. రేపే పోటీ. డాక్టరు మూల కుర్చీలో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రీ బానెట్ కింద నుంచి తలెత్తి, ఇవాళ ఏం ఏడుపో అన్నట్టు చూశాడు. ఆ చూపుకే శకునానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమ్మా," అన్నాడు, టైర్లలో గాలి చూస్తున్న టైర్లమ్మతో. ఇద్దరి మధ్యా మాటలు మోసేది ఆవిడే. "మీ మేస్త్రీతో చెప్పు, తెల్లదాని బేరింగులు రాలుతున్నాయి. రేపు తోలితే ఇంజన్ని ట్రాక్ మీద చీపురుతో ఊడ్చుకోవాలి."

"ఆయన నోట్లోంచి మంచి మాట ఒక్కటైనా రాదా అని అడుగమ్మా," అన్నాడు మేస్త్రీ.

"జోలపాట కావాలంటే ఇంటికెళ్ళి పడుకోమను."

"పందెం కాసి ఎగ్గొట్టినవాడి మాట నేను వినాలటమ్మా?"

"నన్నొదిలేయండి బాబూ! నాకింకా రెండు టైర్లున్నాయి," అంది టైర్లమ్మ.

డాక్టరు లేచి వచ్చాడు. "విప్పి చూడండి. ఈ గొడవెందుకు?"

"విప్పితే ఇవాళ్టి ప్రాక్టీసు పరుగు పోయినట్టే సార్. లోపల ఏమీ లేకపోతే ఎవరిది పూచీ?" అన్నాడు మేస్త్రీ.

"నాది," అన్నాడు శకునం. "లోపల గీత కూడా లేకపోతే రేపటి నుంచి ఈ షెడ్డు గడప తొక్కను. ఈ పందెం ఎగ్గొట్టను."

ఈ వయసులో ఇంకో షెడ్డు తనని రమ్మనదని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

కారు పైకెత్తి, నూనె దించి, కింది చాంబరు విప్పారు. మాటల్లేకపోయినా పనిలో ఇద్దరివీ ఒకే చేతులు. మేస్త్రీ చెయ్యి చాపేసరికి కావలసిన స్పానరు అందులో ఉంటుంది. శకునం పక్కకి జరిగేసరికి దీపం అటే తిరుగుతుంది. బేరింగు మూతలు ఒక్కొక్కటే దిగాయి. మసక బూడిద రంగు, నునుపు. శకునం ప్రతిదాని మీదా బొటనవేలి గోరు పెట్టి లాగాడు. గోరు ఎక్కడా ఆగలేదు. మళ్ళీ లాగాడు.

టైర్లమ్మ కింద పడిన నట్టు ఏరడానికి మాగ్నెట్ పుల్ల పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది. అది కాగితం పక్కగా వెళ్ళిందో లేదో, మెరుపంతా లేచి దానికి అంటుకుంది.

"బాబాయ్, ఇది ఇనుము కదూ?"

బేరింగు పొడి మాగ్నెట్‌కి అంటదు. నోరు విప్పేముందు రోజూ మాగ్నెట్ పెట్టి చూసేవాడు శకునమే. ఇవాళ మేస్త్రీ అలా చూసేసరికి కోపంలో మర్చిపోయాడు. కట్టర్ తీసుకుని చక్రాన్ని వెలుతురు వైపు తిప్పాడు. అంచు పెచ్చులూడి ఉంది.

"ఇంజన్‌ది కాదు. దీనిది," అన్నాడు.

"అడుగమ్మా," అన్నాడు మేస్త్రీ, "ఇన్నేళ్ళూ జబ్బు కార్లకా, ఆ పనిముట్టుకా?"

టైర్లమ్మ అడగలేదు. శకునం ఆ అంచుని బొటనవేలితో తడిమాడు. ఆ పెచ్చులు ఎప్పటివో! మాగ్నెట్‌కి అంటిన పొడి లోపలి ఇనుప భాగాలదే అనుకుని ఎన్ని ఇంజన్లు విప్పించాడో!

మేస్త్రీ అల్మారాలోంచి కొత్త బేరింగుల పెట్టె తెచ్చి చించాడు. "ఎలాగూ విప్పాం కాబట్టి వేస్తున్నా. ఎవరి శకునమో విని కాదు." ఒక బేరింగు చేతిలోకి తీసుకుని నూనె రాశాడు. తర్వాత నేరుగా శకునం మొహంలోకి చూశాడు. "ఎర్ర కారుకి నువ్వు నూనె మారుస్తున్నది నాకు తెలీదనుకున్నావా? డబ్బాలు తరిగిపోతుంటే మళ్ళీ తెచ్చి పెట్టింది ఎవరు, దెయ్యాలా?"

శకునం చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మరి నోరెత్తలేదేం అన్నయ్యా?"

"ఎత్తితే మానేసేవాడివి. నీ మొండితనం నాకు కొత్తా?"

"అయితే ఆ పందెం ఎవరు గెలిచినట్టు?"

"ఇంజను గెలిచింది. కట్టర్ మాత్రం నాకు రావాలి." మేస్త్రీ మళ్ళీ కారు కిందికి దూరాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

సాయంత్రానికి ఇంజను బిగించారు. శకునం కొత్త నూనె పోసి, స్టార్ట్ చేసి, నూనె వేడెక్కేదాకా పక్కనే నిలబడి విన్నాడు. చప్పుడు నెయ్యి పోసినట్టుంది. ఈ మధ్యకాలంలో ఏ ఇంజన్నీ అంత హాయిగా వినలేదనిపించింది. బహుశా అందులో ఏమీ వెతకకపోవడం వల్ల కావచ్చు.

డాక్టరు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీ నల్లా దగ్గర చేతులు తోముకుంటున్నాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు.

"రేపు వస్తావుగా బాబాయ్?" అంది టైర్లమ్మ.

"మాటన్నాను కదమ్మా. ఒక పందెం ఎగ్గొట్టాను. రెండోది కూడానా?"

సొరుగులో కట్టర్‌కి కొత్త చక్రం ఒకటి ఉంది. ఎప్పుడో తెచ్చి, ఇంకా బాగానే తెగుతోంది కదా అని దాచాడు. పాతది ఊడదీసి దాన్ని బిగించాడు. ఒక చుక్క నూనె వేసి, వేలితో తిప్పి చూసి, గుడ్డతో తుడిచాడు. మేస్త్రీ పనిచేసే బెంచీ మీద కొంచెం చోటు చేసి, కట్టర్‌ని అతని కుడిచేతికి అందేలా పెట్టాడు. గడప దాటేటప్పుడు వంగి, వేళ్ళతో గడపని తాకి కళ్ళకద్దుకున్నాడు. వెనక నల్లా నీళ్ళ చప్పుడు ఆగింది. అతను తిరిగి చూడలేదు.

బెంచీ మీద కట్టర్ చక్రం కొత్తగా మెరుస్తోంది. పిడి మీద మాత్రం ఒక బొటనవేలు ఏళ్ళ తరబడి అరగదీసిన పల్లం అలాగే ఉంది.