దొరసాని పీల్చే మందు

అసూయ నగల మీద పుడితే నలుగురితో చెప్పుకోవచ్చు. పిల్లి దగ్గర పుడితే ఎవరితో చెప్పుకుంటుంది, పాపం పెద్దకోడలు?

కళ్ళు తెరవని కూనను తెచ్చి, దూదితో పాలు పట్టి పెంచింది. నడకలో టెక్కు చూసి దొరసాని అని పిలుచుకుంది. తీరా పెరిగాక అది పై వాటాలో ఉండే తోటికోడలు కనిపిస్తే చాలు, వెళ్ళి కాళ్ళకు చుట్టుకునేది. అక్కడ మొదలైంది మంట.

ఈలోగా దొరసానికి దగ్గు పట్టుకుంది. మెడ చాచి, నేలకు కరుచుకుని, ఈల వేసినట్టు ఊపిరి తీసేది. పశువుల డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీసి ఉబ్బసం అన్నాడు.

"మనుషులకొచ్చేదేనమ్మా. ఈ నారింజ రంగు ఇన్‌హేలర్ రోజూ రెండు పూటలా పడాలి, లోపలి వాపు పెరగనివ్వదు. నీలం రంగుది ఆయాసం ముంచుకొచ్చినప్పుడే. ఈ గొట్టానికి తగిలించి, మాస్కు మూతికి ఆనించి, పది ఊపిర్లు పీల్చేదాకా పట్టుకోవాలి. మొదట్లో రక్కుతుంది, ఓపిక పట్టాలి."

రక్కుతుందన్న మాట దగ్గర పెద్దకోడలి బుర్ర చురుగ్గా పనిచేసింది. మూతికి మాస్కు పెట్టే మనిషంటే పిల్లికి గిట్టదు. అయితే ఆ మనిషి తనెందుకు కావాలి?

"నా చేతులు వణుకుతాయే. నువ్వైతే నెమ్మదస్తురాలివి," అంది తోటికోడలితో, గొంతులో తేనె ఒలకబోస్తూ.

"అలాగే అక్కా," అంది చిన్నకోడలు. ఆ పిల్ల దేనికీ కాదనదు. అదే ఒళ్ళు మండిస్తుంది.

మొదట్లో అంతా అనుకున్నట్టే జరిగింది. మందు పడగానే దొరసాని పరుగున కిందికి దిగొచ్చి పెద్దకోడలి ఒళ్ళో ముడుచుకునేది. "పిన్ని ఏడిపించిందా తల్లీ?" అని వీపు నిమిరేది.

పైన చిన్నకోడలు మాత్రం మందు లేని మాస్కుకు చేపముక్క రాసి నాకించింది. మెల్లగా మూతికి ఆనించడం అలవాటు చేసింది. ఊపిరి ఊపిరికీ జోలపాటలా "ఒకటీ... రెండూ..." అని లెక్కపెట్టింది. కొన్నాళ్ళకు దొరసాని తనే మెట్లెక్కి వెళ్ళి మాస్కులో మూతి పెట్టసాగింది. ఎవరి దగ్గర ఊపిరి హాయిగా ఆడుతోందో జంతువుకు మాత్రం తెలియదా? చివరికి నిద్ర కూడా పైనే.

"కూతుర్ని దత్తత ఇచ్చేశావా ఏమిటి?" అని నవ్వాడు భర్త.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఇక్కడ తోటికోడలు నవ్వనైనా నవ్వలేదు. నవ్వి ఉంటే మనసారా పోట్లాడి చల్లబడేది.

మర్నాడే పైకి వెళ్ళి పిల్లినీ మందులనీ తెచ్చేసుకుంది. "నా పిల్లి. నేనే వేసుకుంటాను," అని మెట్ల తలుపు గడియ పెట్టింది.

వేస్తే కదా. మాస్కు చూపిస్తే చాలు, దొరసాని చెయ్యంతా రక్కి బీరువా కిందికి దూరేది. నొక్కిన మందు గాలిలో కలిసిపోయేది. "వేశావా అక్కా?" అని చిన్నకోడలు వాకిట్లో ఎదురుపడి అడిగితే, రక్కులు పడిన చెయ్యి వెనక్కి దాచుకుని, "ఓ, బుద్ధిగా పీల్చింది," అనేది.

ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, దొరసాని నోరు తెరిచి రొప్పసాగింది. చిగుళ్ళు నీలంగా మారుతున్నాయి. పెద్దకోడలు నీలం ఇన్‌హేలర్ తెచ్చేసరికి అది ఒళ్ళు ఈడ్చుకుంటూ మెట్ల తలుపు దాకా వెళ్ళి, గీకుతోంది. ప్రాణం పోయేటప్పుడు కూడా దానికి ఆ పిల్లే కావాలి. ఉక్రోషంతో కళ్ళు మసకబారుతుండగానే తోటికోడలికి ఫోన్ చేసింది.

"పొద్దున మందు వేశావా అక్కా?" అంది చిన్నకోడలు.

అబద్ధం నాలుక మీదికి వచ్చింది. పిల్లి పక్కటెముకలు ఎగసి పడుతున్నాయి.

"లేదే. తెచ్చుకున్నప్పటి నుంచీ ఒక్కసారీ పడలేదు. నా దగ్గర పీల్చదు. నీ దగ్గరే పీలుస్తుంది." ఆ చివరి మాట ముల్లులా గొంతు గీరుకుంటూ బయటికొచ్చింది.

తిడుతుందనుకుంది. "నీలంది బాగా కుదిపి తగిలించు. ఫోన్ స్పీకర్లో పెట్టి దాని చెవి దగ్గరుంచు. నేను బయల్దేరుతున్నాను," అంది ఆ పిల్ల.

ఫోన్లోంచి "ఒకటీ... రెండూ..." అని వినిపించగానే దొరసాని చెవులు నిక్కాయి. మాస్కు ఆనించగానే మొదలైన పెనుగులాట ఆగింది. గొట్టంలోని సన్నని రేకు ఊపిరితో పాటు కదిలింది. కదిలినప్పుడల్లా పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. కడుపూ మండింది.

ఆయాసం కాస్త నెమ్మదించేసరికి చిన్నకోడలు రొప్పుతూ లోపలికొచ్చింది. "డాక్టరు గారు వెంటనే తెమ్మన్నారు. ఒళ్ళో పెట్టుకో అక్కా, నేను కారు తీస్తాను."

పెద్దకోడలు పిల్లిని గుండెకు అదుముకుంది. మళ్ళీ ఈల మొదలవుతోంది.

"నువ్వే పట్టుకో," అని తోటికోడలి చేతుల్లో పెట్టి తాళాలు లాక్కుంది. "లెక్క ఆపకు."

దారంతా వెనక సీటులోంచి ఆ జోల వినిపిస్తూనే ఉంది. పెద్దకోడలు పళ్ళు బిగబట్టి, ఒక్క అంకె కూడా ఆగకూడదని దేవుడికి మొక్కుకుంటూ కారు నడిపింది.