గుమ్మం పట్టని మంచం

నేను ఒక పెద్ద మంచాన్ని. ఎంత పెద్దదాన్నంటే, పుట్టిన గదిలోంచి ఇంతవరకు బయటికి కదల్లేదు. అది నా గొప్ప కాదు. నన్ను చేయించిన మనుషుల తెలివి.

మాది అండమాన్‌లో ఒక చిన్న దీవి. పేరు చెప్పను. చెబితే మీరు కూడా బ్యాగులు సర్దుకుని వచ్చి, ఇసుక కాళ్ళతో నా మీదెక్కుతారు. ఈ ఇల్లు శ్రీకాకుళం తీరం నుంచి వలలు మోసుకొచ్చి ఇక్కడే ఉండిపోయిన పల్లెవాళ్ళది. ఇంట్లో ఉన్నది ఎర్రమ్మ, ఆమె కొడుకు దానేసు. దానేసుకి బారువలో సంబంధం కుదిరినప్పుడు ఎర్రమ్మ తన చెవి కమ్మలు అమ్మి, పడౌక్ అనే ఎర్ర కలప తెప్పించి, హరిపద అనే బెంగాలీ వడ్రంగిని పిలిచింది. అవి జోరు వానలు. బయట పని సాగక హరిపద గదిలోనే కూర్చుని నన్ను చేశాడు. ఇనుప మేకు లేదు. అన్నీ చెక్క చీలలు, జిగురు. ఒకసారి బిగిస్తే మళ్ళీ ఊడే పని కాదు. నాలుగు కోళ్ళూ బిగించి, నునుపు పట్టి, బీడీ వెలిగించుకున్నాక, అప్పుడు అతనికి గుమ్మం వైపు చూడాలని తోచింది. జానతో నన్ను కొలిచాడు, గుమ్మాన్ని కొలిచాడు, తల గోక్కున్నాడు.

"ఇది బయటికి రాదమ్మా," అన్నాడు.

"బయటికెందుకొస్తాది? ఇది మా కోడలు పడుకోడానికి," అంది ఎర్రమ్మ.

మనుషులు చెప్పిన మాటల్లో నేను నమ్మింది అదొక్కటే. అప్పటికి నాకు ఒక రోజు వయసు.

కోడలు పైడితల్లి జూన్‌లో వచ్చింది. సన్నటి పిల్ల, మాట తక్కువ, నిద్రలో మాత్రం గట్టిగా నవ్వేది. నాలుగు నెలలు నా మీద పడుకుంది. అక్టోబరు రాగానే దానేసు పడవ అమ్మేసి, ఆ డబ్బుతో ఈ గదికి ఏసీ పెట్టించి, వీధిలో బోర్డు కట్టాడు. బోర్డు మీద "సీ వ్యూ హోమ్ స్టే" అని ఉంది. సముద్రం కనబడే మాట నిజమే, కానీ నా మీద ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి, కిటికీ పై రెక్కలోంచి చూడాలి. వచ్చినవాళ్ళంతా అలాగే చూశారు. ఒక్కొక్కడు ఎనభై, తొంభై కిలోలు. నన్ను తొక్కి, సముద్రాన్ని ఫోటో తీసి, దిగి, కాళ్ళు దులుపుకోకుండా పడుకునేవాళ్ళు.

ఆ రోజు నుంచి పైడితల్లి ఆరు నెలలు ఇల్లాలు, ఆరు నెలలు పనిమనిషి. సీజన్ వస్తే వంటగదిలో గచ్చు మీద చాప. పొద్దున్నే వచ్చి, తన మంచం మీద పరాయివాళ్ళ దుప్పటి తీసి ఉతికి, కొత్తది పరిచేది. దానేసు ఫోన్లో చూసి తువ్వాలుతో హంస చేయడం నేర్చుకున్నాడు. మొదట్లో అది ఎండబెట్టిన వంజరం చేపలా ఉండేది. దాని చుట్టూ మందార పూలు చల్లేవాడు.

"పువ్వులు దేవుడికెడతారు గానీ పక్క మీదెడతారేట్రా?" అనేది ఎర్రమ్మ.

"ఈలే దేవుళ్ళే అమ్మా," అనేవాడు దానేసు.

అలాంటి దేవుళ్ళు నా మీద బీరు ఒలకబోశారు. నూడుల్స్ తిన్నారు. పెళ్ళయి వారం కాకుండానే ఒకరికొకరు వీపులు తిప్పుకుని, ఎవరి ఫోన్లో వాళ్ళు తమ ఆనందం ఫోటోలు పెట్టుకున్నారు.

దానేసుకి అంతా దురాశే అని అనను. ఈ దీవిలో ఉల్లిపాయ ఓడలో రావాలి, గుడ్డు ఓడలో రావాలి, పప్పూ సబ్బూ ఓడలోనే రావాలి. సముద్రం పొంగి ఓడ రెండు రోజులు ఆగితే టమాటా కిలో నూట అరవై. చుట్టూ ఇన్ని నీళ్ళున్నా, తాగే నీళ్ళు ట్యాంకరువాడి దగ్గర కొనాలి. చేపలకి కొదవ లేదు, కానీ మంచి చేప రేవులోనే రిసార్టుల బండెక్కుతుంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళు బంగాళాదుంప పులుసు తింటారు. ఇలాంటి చోట రోజుకి నాలుగు వేలిచ్చే గదిని ఖాళీగా ఉంచుకోమని నేను చెప్పను. కానీ మనిషికి డబ్బు అవసరమైతే ఒక మొహం ఉంటుంది, డబ్బు రుచి మరిగితే ఇంకో మొహం ఉంటుంది. దానేసు మొహం నా కళ్ళ ముందే మారింది.

మరుసటి ఏడు పైడితల్లికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. విశాఖకి ఓడ నెలకొకసారి. సెప్టెంబరు ఓడకి పంపమంది ఎర్రమ్మ. వచ్చే నెల పంపుతానన్నాడు దానేసు. దసరాకి గది నిండింది, దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? అక్టోబరు ఓడ వచ్చేసరికి, ఇన్ని నెలల గర్భిణిని ఎక్కించుకోం అన్నారు ఓడవాళ్ళు. విమానం టికెట్టు చూస్తే ఇరవై రెండు వేలు. "టికెట్టు దొరకలేదత్తా," అని అత్తగారికి ఫోన్ చేసి చెప్పాడు. పక్కనే నా దిండుకి గలీబు తొడుగుతున్న పైడితల్లి ఆ మాట విని, గలీబు తొడగడం పూర్తి చేసి, మందార పూలు చల్లి వెళ్ళింది.

డిసెంబరులో పెద్ద దీవి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమై కుట్లు పడ్డాయి. నాలుగో రోజు పడవలో తీసుకొచ్చారు. అప్పటికి నా మీద ఒక జంట ఉంది, వాళ్ళ తర్వాత ఇంకో జంట, జనవరి అయిదు వరకు గది ఖాళీ లేదు.

"బాలింతరాల్ని గచ్చు మీద పడుకోబెడతావేట్రా? ఈ చెమ్మకి నడుం పట్టేస్తే జన్మంతా లెగలేదు. మంచం కింద నిప్పులెట్టి, సాంబ్రాణెయ్యాల. దాని మంచం దానికియ్యి," అంది ఎర్రమ్మ.

"అయిదో తారీకు వరకే అమ్మా. అడ్వాన్సు తీసీసుకున్నాను. ఎల్లిపొమ్మంటే చెడ్డగా రాత్తారు."

"పోనీ మంచం వంటింట్లోకి ఎట్టించు."

హరిపదని పిలిచారు. అతను వచ్చి మళ్ళీ జానతో కొలిచాడు. నన్నయినా కోయాలి, ఏసీకోసం కొత్తగా బిగించిన అల్యూమినియం తలుపైనా పీకాలి అన్నాడు. దానేసు రెండూ వద్దన్నాడు. ఇంకో మంచం కొందామంటే, పడవల నిండా టూరిస్టులే, సామాను ఎక్కించడానికి చోటు లేదట. పైగా "పదిహేను రోజులకోసం మంచమేటి?" అన్నాడు. పైడితల్లి పిల్లని తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. గోడ అవతల ఆమె చాప మీద ఒత్తిగిలడానికి పడే అవస్థ నాకు వినబడేది.

అప్పుడు ఎర్రమ్మ దొంగతనం మొదలుపెట్టింది. జంట పొద్దున తొమ్మిదింటికి ఈతకెళ్ళి నాలుగింటికి గానీ రారు. దానేసు రేవు దగ్గర బేరాలకి పోతాడు. వాళ్ళటు వెళ్ళగానే ఆమె గది తెరిచి, గెస్టుల దుప్పటి మడిచి, పాత చీర పరిచి, కోడల్ని చెయ్యి పట్టి తెచ్చి నా మీద పడుకోబెట్టేది. మూకుట్లో కొబ్బరి చిప్పల నిప్పులు పోసి, సాంబ్రాణీ వావిలాకూ వేసి నా కింద పెట్టేది. వేడి మెల్లగా నా పలకల్లోంచి పైడితల్లి నడుముకి చేరేది. ఆమె నిద్రపోయేది. ఒకసారి నిద్రలో నవ్వింది కూడా. మూడున్నరకి అంతా సర్దేసి, దుప్పటి పరిచి, హంసని మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళు. సొంత మంచం మీద పడుకోవడానికి దొంగల్లా రావడం మనుషులకే చెల్లింది.

మూడు రోజులు అలా సాగింది. ఆ జంట వెళ్తూ ఫోన్లో ఏదో రాసింది. దానేసు వాకిట్లో నిలబడి పైకి చదివాడు. "రోజూ మా గదికి ప్రాచీన మూలికల ధూపం వేశారు. అడగకుండానే, ఉచితంగా. అయిదు నక్షత్రాలు."

"ధూపమేటే అమ్మా?"

"దోమలకిరా," అంది ఎర్రమ్మ, చేటలో బియ్యం వైపు చూస్తూ.

దానేసు నమ్మలేదు. మర్నాడు కొత్త జంట తిరగడానికి వెళ్ళాక, నడిమధ్యాహ్నం రేవు నుంచి తిరిగొచ్చి తలుపు తీశాడు. నా మీద పెళ్ళాం, పిల్ల. నా కింద పొగ. పైడితల్లి ఉలిక్కిపడి లేవబోయింది. అతను తిట్టలేదు. గది నలుమూలలా వాసన చూశాడు, నవ్వాడు, "పడుకో, పడుకో," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఆ పూటంతా పైడితల్లి మొహంలో వెలుగు. నాకూ అనిపించింది, వీడిలో ఎక్కడో మనిషి మిగిలాడని. సాయంత్రానికి బోర్డు కింద ఇంకో బోర్డు వేలాడింది. "రాయల్ హెర్బల్ స్మోక్ బెడ్. మనిషికి ఎనిమిది వందలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు."

మర్నాడు జంట ఈతకి వెళ్ళలేదు. నిక్కరు వేసుకున్న పెద్దమనిషి నా మీద బోర్లా పడుకున్నాడు. గడ్డి టోపీ పెట్టుకున్న అతని భార్య వీడియో తీసింది. బాలింతకి వెయ్యాల్సిన ధూపం ఆ పొట్టకి వేయడానికి ఎర్రమ్మ వంగి నిప్పులు ఊదింది. ఊదుతూ ఏమందో నాకు వినబడింది గానీ రాయదగ్గది కాదు. మగాడికి బాలింత ధూపం వేస్తున్నామని ఆ ఇంట్లో ఒక్కరూ అతనికి చెప్పలేదు. అతను గుర్రు పెట్టాడు. రెండో రోజు అతని భార్య పడుకుంది. పైడితల్లికి పగలూ గచ్చే, రాత్రీ గచ్చే అయింది. మూడో రోజు పొద్దున పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి వంగి, మళ్ళీ నిలబడలేకపోయింది. ఎర్రమ్మ వచ్చి ఇద్దరినీ లేపాల్సి వచ్చింది.

ఆ రోజు పదకొండో రోజు, పురుడు స్నానం అయింది. పన్నెండు కావస్తుండగా ఎర్రమ్మ కొత్త దుప్పటి పరిచి నిప్పుల మూకుడు పెట్టింది. జంట అరుగు మీద కొబ్బరి బోండాలు తాగుతూ పిలుపుకోసం చూస్తోంది. అప్పుడు వంటగది వైపు నుంచి గోడ పట్టుకుని పైడితల్లి వచ్చింది. పిల్లని నా మీద గోడ వైపు పడుకోబెట్టింది. హంసని తీసి కింద పెట్టింది. తను పడుకుంది.

దానేసు పరుగున వచ్చాడు. "పైడీ, లే. పార్టీ బయట కూకున్నారు."

"లెగను."

"రెండు గంటలేనే. ఆలవగానే నువ్వే పడుకుందువు."

"ఆలయితే ఇంకోలు వత్తారు. ఓడెక్కించలేదు, ఊరుకున్నాను. గచ్చు మీద పడుకోమన్నావు, పడుకున్నాను. ఇప్పుడు నడుం నేదు మావా. కావాలంటే నన్నూ పిల్లనీ ఎత్తి ఈదిలో ఎట్టు. నా అంతట నేను లెగను."

అంత పొడుగు మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. దానేసు తల్లి వైపు చూశాడు. ఎర్రమ్మ కాలితో మూకుడిని ఇంకాస్త లోపలికి, సరిగ్గా కోడలి నడుము కిందికి జరిపింది.

ఆలస్యమైందని జంట లోపలికి వచ్చేసింది. టోపీ ఆవిడ నా వైపు చూసి, "ఎంత ముచ్చటగా ఉంది!" అని ఫోను ఎత్తి, నిద్రపోతున్న పిల్లని మూడు ఫోటోలు తీసింది. తర్వాత దానేసుని హిందీలో అడిగింది. "తల్లీబిడ్డా కూడా ప్యాకేజీలో ఉన్నారా?"

దానేసు వెంటనే కాదనలేదు. అర క్షణం ఆగాడు. ఆ అర క్షణంలో అతని కళ్ళు పెళ్ళాన్ని, పిల్లని, పొగని వరసగా చూసి, ఎంత చెప్పొచ్చో వెతికాయి. నేను చూశాను. పైడితల్లి చూసింది. అతన్ని కన్నతల్లీ చూసింది.

"ఓలమ్మా! నెల నిండని పిల్లకి ఫోటోలు తీసినారు! కళ్ళు పడిపోవూ!" అని ఎర్రమ్మ ఒక్క కేక పెట్టింది. నా కింది మూకుడు లాగి అరుగు మీద పెట్టి, వంటగదిలోంచి రెండు గుప్పెళ్ళ ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చింది. పిల్ల వైపు మూడుసార్లు తిప్పింది. తర్వాత ఫోను వైపు, టోపీ వైపు, నిక్కరు వైపు తిప్పింది. కొడుకు మొహం చుట్టూ మాత్రం ఏడుసార్లు తిప్పింది. ముగ్గురినీ అరుగు మీదికి తోసి, బయటికొచ్చి, తలుపు లాగి, మిరపకాయలు నిప్పుల్లో వేసింది.

పైడితల్లి నా తలపట్టి పట్టుకుని లేచి, తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి వచ్చి పడుకుంది. అవతల దగ్గులు, తుమ్ములు, హిందీ తిట్లు. "కళ్ళు మండితే దిష్టి పోయినట్టే బాబూ," అంటోంది ఎర్రమ్మ. కాసేపటికి ఆటో వచ్చి పెట్టెలడిగింది. పైడితల్లి గడియ తీస్తే, ఎర్రమ్మ ఒక్కతే లోపలికొచ్చి పెట్టెలు ఒక్కొక్కటిగా బయటికి నెట్టింది. ఆమె వెళ్ళగానే గడియ మళ్ళీ పడింది.

నా మీద ఇప్పుడు ఉన్న బరువు ఒక సన్నటి ఆడమనిషి, మూడు కిలోల పిల్ల. పిల్ల అప్పుడే పక్క తడిపింది. పైడితల్లి నవ్వి, కొత్త దుప్పటితోనే తుడిచింది.

సాయంత్రం దానేసు తలుపవతల చతికిలబడి, ఏడుపు గొంతుతో ఫోన్లోది చదివి వినిపించాడు. "ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చినారే పైడీ. ఏం రాసినారో విన్నావా? ఈ గదికి రావద్దు, దీన్లో ఆ ఇంటోళ్ళే ఉంటన్నారు, అని రాసినారు."

పైడితల్లి పిల్లకి పాలిస్తోంది. నా గురించి ఇన్నాళ్ళుగా ఎంతోమంది ఏవేవో రాశారు. అందులో నిజం రాసింది ఆ టోపీ ఆవిడ ఒక్కతే.