అన్నయ్య చెయ్యి ఆగిన చోటు

అన్నయ్య తను వాయించే పెద్ద డ్రమ్ములోంచి చీరలు లాగుతున్నాడు, ఒకదాని కొంగుకి ఇంకొకటి ముడేసినట్టు అవి వస్తూనే ఉన్నాయి, నేను కింద చతికిలబడి వాటిని మడతలు పెడుతున్నాను, ఎన్ని మడిచినా పక్కన గుట్ట పెరుగుతోందే గానీ తరగడం లేదు. ఇది జ్ఞానాపురంలో మా సందే అనుకుంటున్నాను, కానీ పైన స్టేజీకి కట్టే రంగుబల్బుల తోరణాలున్నాయి, అటు చివర మా ఇంటి గుమ్మం ఉండాల్సిన చోట ఆస్పత్రి ఇనప మంచాలు వరసగా కనిపిస్తున్నాయి, వాటి మీద ఎవరూ లేరు, దుప్పట్లు మాత్రం ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు నలిగి ఉన్నాయి. అన్నయ్య పోయి చాలా ఏళ్లయిందని నాకు తెలుసు, తెలిసినా ఆ మాట ఎత్తకూడదు, ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు, అందుకని తల వంచుకుని చీర అంచులు కలుపుకుంటున్నాను.

"అన్నీ అమ్మ చీరలేనే," అంటున్నాడు అన్నయ్య, చెయ్యి మోచేతి దాకా డ్రమ్ములో పెట్టి. "ఇన్ని కుక్కేనేటి నేను?"

"కుక్కేవు. బొంత కుట్టుకుందామంటే ఇంట్లో ఒక్క పాత చీర మిగల్చలేదు. అమ్మ నిన్ను తిట్టని తిట్టు లేదు."

"తిడతానే తెచ్చిచ్చేది కదే," అని నవ్వుతున్నాడు, ఆ నవ్వులో విరిగిన ముందు పన్ను అలాగే ఉంది.

మా అన్నయ్య పేరు జోజప్ప, కానీ విశాఖపట్నంలో ఆర్కెస్ట్రాలు తెలిసినవాళ్ళెవరూ ఆ పేరు ఎరగరు, డ్రమ్స్ జోజి అనేవారు. కుర్రతనంలో హార్బరు దగ్గర నావికుల క్లబ్బులో నేల తుడిచే పనికి కుదిరాడు, అక్కడ ఏ దేశపు ఓడలో వచ్చినాయనో వదిలిపోయిన క్యాసెట్టు ఒకటి దొరికితే దాన్ని అరిగిపోయి బుస్సుమనే దాకా విన్నాడు. అంతకు ముందు మా ఊళ్ళో డ్రమ్మంటే ధడేల్ ధడేల్మని రెండు వీధులకి వినబడాలి. అన్నయ్య దాని నోట్లో అమ్మ చీరలు కుక్కి ఆ మోత చంపేశాడు, దెబ్బ పడగానే ఆగిపోయేది, గుండె మీద ఎవరో గుద్దినట్టుండేది. కుడిచెయ్యి ఆగకుండా నడుస్తూ ఉంటే ఎడమచెయ్యి మధ్యమధ్యలో చెవిలో చెప్పినంత చిన్నగా ఏదో అంటుండేది, ఉన్నట్టుండి రెండూ ఆగిపోయేవి, ఇంక వాయించడేమో అని జనం తల తిప్పి చూసే లోపు కాలితో పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడేది. "దీన్ని ఫంక్ అంటారే లూర్దూ," అని చెప్పేవాడు. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో కుదురుకోదు. కానీ ఆయన వెనకాల వచ్చిన ప్రతి ట్రూపువాడూ డ్రమ్ములో గుడ్డలు కుక్కడం మాత్రం నేర్చుకున్నాడు.

"ఎందుకొచ్చేవే ఇలగ?" అని అడుగుతున్నాడు, ఇప్పుడు మేము సందులో లేము, వ్యానులో వెనక సీటు మీద ఉన్నాము, వ్యాను కదులుతోందో లేదో తెలియడం లేదు, చీరలు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

"సెలీనా కోసం వచ్చాను."

"సెలీనా ఎవులు?"

నా ప్రాణం చివుక్కుమంది. "నా కూతురన్నయ్యా. నువ్వు మంచాన పడేనాటికి నా చంకలో పిల్ల. నీ చూపుడువేలు పట్టుకుని వదిలేది కాదు, మరిచిపోయావా?"

అన్నయ్య తన వేలు తనే తిప్పి చూసుకుంటున్నాడు, అక్కడేదో గుర్తు ఉంటుందన్నట్టు. లేదు.

"అది నర్సింగు మానేస్తానంటోంది," అని గబగబా చెబుతున్నాను, ఎక్కడ కల మారిపోతుందోనని. "ట్రూపులో డ్రమ్ములు వాయిస్తానంటోంది. సాయంత్రం వ్యానొస్తుంది, రాయగడలో ప్రోగ్రామట, కొండల్లో ఘాటీ రోడ్డు, ఆ మలుపుల్లో లారీలు ఎలా వస్తాయో నీకు తెలుసు కదా. సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. నువ్వు సరేనంటేనే ఎక్కుతానమ్మా, వద్దంటే మళ్ళీ ఆ మాట ఎత్తను అంటోంది. వాళ్ళ నాన్నని అడిగితే మీ అమ్మనే అడుగు అని తప్పుకుని డ్యూటీకి పోయాడు. ఇప్పుడు నేను చెప్పాలి."

"మరి చెప్పు."

"వద్దని నా నోటితో అనలేకపోతున్నాను. మేనమామవి, నువ్వను. మీ మావయ్య కలలోకొచ్చి వద్దన్నాడని చెప్తాను."

"బాగుందే నీ తెలివి! సచ్చినోడి మీదికి తోసేస్తావేటి?"

ఆ మాట ఆయనే అనేశాడు. నేను భయపడినట్టు లేచి వెళ్ళిపోలేదు, కానీ వ్యాను అద్దాల అవతల వెలుతురు కొంచెం తగ్గింది, ఎవరో బల్బుల వరస ఒకటి ఆపేసినట్టు.

"నా భయం నీకేం తెలుసు," అంటున్నాను. "తడిసిన స్టేజీ మీద కరెంటు వైర్లుంటాయి. తాగినవాళ్ళు సీసాలు విసురుతారు. వ్యానులో ఒక్కత్తే ఆడపిల్ల. అది బాత్రూములో కాస్త ఆలస్యం చేస్తేనే నేను తలుపు కొడతాను, లోపల పడిపోయిందేమోనని. ఇవన్నీ దాటి వచ్చినా, చివరికి నీలాగ…"

"నాలాగంటే?"

నేను చీర మడత విప్పి మళ్ళీ పెడుతున్నాను.

"అనవే. నాలాగంటే ఎలాగ?"

ఎలాగో ఇద్దరికీ తెలుసు. కీబోర్డు వాయించే వాడొకడు ఒక ప్రోగ్రాంలో అన్నయ్య వాయింపు టేపు చేసి, దాన్ని ముక్కలు కోసి రిథమ్ ప్యాడ్‌లోకి ఎక్కించాడు. పుస్తకమంత పెట్టె. వేలితో తడితే చాలు, అన్నయ్య దెబ్బే పడుతుంది, అలిసిపోదు, అన్నం అడగదు, వ్యానులో చోటక్కర్లేదు. ఆ పెట్టె ఒకరి నుంచి ఒకరికి పోయింది. ఇంక డ్రమ్ములాయన్ని పిలిచేదెవరు? అన్నయ్య డ్రమ్ముల మీద గోనెపట్టా కప్పి, గూడ్స్ షెడ్డులో బస్తాలు మోశాడు, సాయంత్రాలు తాగాడు, చివరికి కాలేయం పాడైంది. ఆ దెబ్బ మాత్రం ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపుల్లో, ఎలక్షన్ జీపుల్లో, ఆటోల్లో మోగుతూనే ఉంది. ఫలానావాడిదని ఎవరికీ తెలియదు.

అదిగో, ఇక్కడ కూడా మొదలైంది, ఎక్కడి నుంచో, నేల కింద నుంచేమో. అన్నయ్య గబుక్కున అమ్మ చీర ఒకటి తలకి చుట్టుకుని రెండు చెవులూ మూసుకుంటున్నాడు, ఇప్పుడు మేము ఆస్పత్రి మంచం మీద ఉన్నాము, నేను కాళ్ళ దగ్గర, ఆయన దిండు దగ్గర.

"ఇక్కడా వొదల్లేదే ఇది," అంటున్నాడు చీరలోంచి. "మోగని చోటు వెతుక్కుంటా తిరుగుతున్నాను. లేదు."

"ఆఖరి రోజు కూడా కిటికీ కింద ఊరేగింపు వెళ్ళింది కదన్నయ్యా," అంటున్నాను, ఆయనకి ఊరట చెబుదామని, ఎందుకంటే నాకు ఇన్నేళ్ళూ ఊరటగా ఉన్నది అదొక్కటే. "అది విని నువ్వు నవ్వావు. ఎన్ని రోజుల తర్వాతో నవ్వావు. నీది నువ్వు విని, తృప్తిగా పోయావని నేను అందరికీ చెప్పాను. ఫాదరుగారికి కూడా చెప్పాను."

అన్నయ్య చీర పక్కకి తీసి నా వైపు చూస్తున్నాడు. కోపం లేదు, జాలి పడుతున్నట్టుంది.

"నవ్వలేదే లూర్దూ. పళ్ళు బిగించేను."

ఆ మాటతో మంచాలు లేవు, బల్బులు లేవు, నేలా లేదు, నేను ఒక మడత చీర పట్టుకుని ఎక్కడో ఉన్నాను. మళ్ళీ ఆయన గొంతే వినిపించింది.

"దాన్ని పంపకు. నేను వొద్దన్నానని చెప్పు. ఏటి మిగిలిందే నాకు? ఒక పెట్టె మిగిలింది. వాయించకుండా ఉన్నా ఇదే బతుకు. వాయించి దండగ చేసేను."

నేను దీని కోసమే కదా వచ్చింది. వద్దనే మాట ఆయన నోట వచ్చింది, పట్టుకుని లేచి పోతే చాలు, పిల్ల ఇంట్లో ఉంటుంది, తెల్లబట్టలేసుకుని నర్సింగుకి పోతుంది, నేను రాత్రిళ్ళు నిద్రపోతాను. కానీ నా కాళ్ళు లేవడం లేదు, నా నోరు నాకు తెలియకుండానే ఆయన మీద అరుస్తోంది.

"అలా అనకు! దండగ అనకు అన్నయ్యా. తిట్టు, తాగు, ఏమన్నా చెయ్యి, ఆ మాట మాత్రం అనకు. నువ్వే దండగైతే అమ్మ చీరలన్నీ ఎందుకిచ్చింది? నేను నీకు ముద్దలు కలిపి ఎందుకు పెట్టాను?"

"పెట్టెలో ఉన్నది నేను కాదే," అంటున్నాడు మెల్లగా. "నేను ఆగిన చోట కొంచెం ఊపిరి పీల్చుకునేవోణ్ణి. కొట్టినప్పుడల్లా అది ఒకలాగుండదు. వాడు కోసినప్పుడు అది కింద పడిపోయింది. నేనున్నదే అందులోనే. పడేసినది ఇంకెక్కడుంటాది?"

"సెలీనా దగ్గరుంది."

ఆయన దిండు మీంచి ముందుకు వంగాడు.

"ఆటోలో వచ్చేది వినీ వినీ, ఇక్కడెవరో ఊపిరి పీల్చుకుని ఉంటాడమ్మా, కోసేశారు అంది. నీ వాయింపు సంగతి నేనేం చెప్పలేదు దానికి. చెప్తే ఎక్కడ మొదలెడుతుందోనని. అదే వెతుక్కుంది. అది వాయిస్తుంటే తలుపు అవతల నుంచి విన్నాను, నీ చెయ్యి ఆగినంతసేపే దాని చెయ్యీ ఆగింది. నాకు భయమేసి వంటింట్లోకి పోయాను."

"అంతసేపే ఆగిందేటి? ఎలగ? ఏదీ, కొట్టి చూపించు."

"నాకేం వచ్చు?"

"నేను కొట్టలేనే. చూడు," అని చెయ్యెత్తి డ్రమ్ము మీద వేస్తున్నాడు, చెయ్యి పడుతోంది, చప్పుడు లేదు, నీడ పడినట్టు పడుతోంది. మళ్ళీ వేస్తున్నాడు. మళ్ళీ. డ్రమ్ము ఖాళీ అయింది, అందులో ఇంక చీరలు లేవు, ఆయన మొహం దాని నోటి దగ్గర పెట్టి పిల్లాడిలా లోపలికి చూస్తున్నాడు. "బరువు పోయిందే చేతుల్లో. నువ్వు కొట్టు. ఒక్కపాలి. ఉందో లేదో వినేసి పోతాను."

డ్రమ్ము వాయించడం నాకు తెలియదు, పిల్లని జోకొట్టడం తెలుసు, అందుకని అరచెయ్యి వెడల్పు చేసి, సెలీనాకి జ్వరం కాసిన రోజుల్లో వీపు మీద తట్టినట్టు తడుతున్నాను, తడుతూ తడుతూ నాకే కన్ను మూతబడి చెయ్యి ఆగిపోయేది కదా, పిల్ల కదిలితే ఉలిక్కిపడి మళ్ళీ వేసేదాన్ని కదా, అక్కడ ఆపాను. అన్నయ్య తల వంచి వింటున్నాడు. ఆయన మొహంలో ఏముందో చూద్దామంటే వెలుతురు చాలడం లేదు, నవ్వుతున్నాడో పళ్ళు బిగించాడో తెలియడం లేదు, "అన్నయ్యా, ఉందా? అదేనా?" అని అడుగుతున్నాను, "పంపనా, వద్దా?" అని అడుగుతున్నాను, ఆయన పెదాలు కదులుతున్నాయి, నేను చెయ్యి ఆపితే గానీ ఆ మాట వినబడదు, ఆపితే ఆయన ఉండడు, ఆపలేక ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా కొడుతున్నాను.

కళ్ళు తెరిచేసరికి సాయంత్రపు ఎండ గుమ్మం దాటి మంచం కాళ్ళ దాకా వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. సంచీ లేదు. "సెలీనా" అని పిలిచాను. అది నా మాట వినకుండా పోయే పిల్ల కాదు. వ్యాను హారను విని నన్ను లేపే ఉంటుంది, వెళ్ళనా అమ్మా అని అడిగే ఉంటుంది, నిద్రలో నా నోట ఏ మాట వచ్చిందో, దేన్ని సరేననుకుని ఎక్కిందో నాకు తెలియదు. చీకటి పడేసరికి ఘాటీ మొదలవుతుంది.

గోడ అవతల నుంచి పక్కింటి రాయపమ్మ పిన్ని కేకేసింది. "ఏటే లూర్దూ! మీ పిల్ల ఇందాకే వ్యానెక్కడం నా కళ్ళతో సూసేను గదా! మరింతసేపూ ఆ గోడ వాయించింది ఎవులే?"

నేను చెయ్యి తిప్పి చూసుకున్నాను. నా కుడి అరచెయ్యి నిండా తెల్లగా గోడ సున్నం.