కుర్మయ్య నిద్ర

శంషాబాద్‌లో భాగ్యమ్మ తన ఇంటి పైగదుల్ని విమానం ఎక్కేవాళ్ళకు కిరాయికిస్తుంది. వాళ్ళు వెళ్ళాక దుప్పట్లు తీసి, గదులు ఊడ్చి, మరిచిపోయిన వస్తువులు ఏరి పక్కన పెడుతుంది. చార్జర్లు, చెవిపోగులు, పిల్లల సాక్సులు దొరుకుతాయి. అప్పుడప్పుడు నిద్ర కూడా దొరుకుతుంది. ఉన్న సెలవులో లోకమంతా చూసెయ్యాలన్న ఆత్రంతో కునుకు తియ్యకుండా బయల్దేరినవాళ్ళ నిద్ర మంచం మీదే ఉండిపోతుంది. దుప్పటి కింద మెల్లగా ఊపిరి తీస్తుంటుంది. భాగ్యమ్మ దానికి ఫ్యాను వేసి తలుపు దగ్గరగా వేస్తుంది. వాళ్ళు తిరిగొచ్చి, ఒక పూట పడుకుని, ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు. ఒకరి నిద్రలో ఇంకొకరు పడుకుంటే అది వాళ్ళకే చెల్లిపోతుంది గనక ఆ మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వదు.

కింద గదిలోని నిద్రను మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. అది ఆమె భర్త కుర్మయ్యది. జీపు నడిపి బతికిన ఆ మనిషి ఒకే ఒక్కసారి పని మానుకుని భార్యను శ్రీశైలం తీసుకుపోయాడు. ముందురోజంతా కిరాయిలు తోలి, తెల్లారేసరికి మళ్ళీ జీపెక్కాడు.

"జర ఒరగరాదు," అంది భాగ్యమ్మ.

"వచ్చినంక పండుకుంట తియ్."

శ్రీశైలంతో ఆగలేదు, దారిలో ఉన్నవన్నీ చూపించాడు. తిరుగుదారిలో, ఇల్లు దగ్గరపడి ఇంక తుక్కుగూడ వస్తుందనగా స్టీరింగు మీదే రెప్ప వాలింది. చెయ్యి విరిగిన భాగ్యమ్మ దవాఖాన నుంచి ఒక్కతే ఇల్లు చేరేసరికి ఖాళీ మంచం గురకపెడుతోంది. ఆ రోజు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తర్వాత ఫ్యాను వేసింది. ఇన్నేళ్ళుగా ఆపలేదు. ఆ పక్కనే చాప పరుచుకుంటుంది. ఆ గురక వినకపోతే ఆమెకు భయం.

కొడుకు జగదీశ్ క్యాబ్ నడుపుతాడు. రోజూ జనాన్ని విమానం దగ్గర దింపేవాడు మొన్న తానే ఎక్కాడు, కొత్త పెళ్ళాం శోభతో గోవాకి. బీచులన్నీ, కోటలన్నీ తిరిగి ఈ పొద్దున దిగారు. ఇద్దరి కళ్ళూ చింతనిప్పులే.

"అత్తమ్మా, నా నిద్ర ఏ గదిల పెట్టినవ్?" అంటూ శోభ గోడకు ఆనుకుంది.

"పండుకునుడేంది?" అన్నాడు జగదీశ్. "లీవు ఇంక రేపటిదాక ఉంది. ఇంట్ల పండుకుంటే అది లీవెట్లయితది? గిట్లనే కారు తీస్కొని శ్రీశైలం పోదాం."

"జర ఒరుగు బిడ్డా."

"వచ్చినంక పండుకుంట తియ్యమ్మా."

భాగ్యమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. వీడు తండ్రి మాట కూడా వదల్లేదు. బతిమాలితే వినే రకం కాదని కన్నతల్లికి తెలుసు. అతను మొహం కడుక్కునేలోగా మేకుకున్న కారు తాళంచెవి తీసుకుని కింద గదిలోకి వెళ్ళింది. గురక వింటూ కాసేపు నిలబడింది. తర్వాత ఆ తాళంచెవిని కుర్మయ్య దిండు కింద పెట్టింది.

"నీది బిడ్డకిస్తున్న, ఏమనుకోకు," అంది మంచంతో. ఏడుపొచ్చింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తాళంచెవి ఏదమ్మా?"

"బాపు దిండు కింద."

జగదీశ్ మంచం అంచున కూర్చుని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చాచినట్టే ఒరిగిపోయాడు. గురక ఆగలేదు, ఇప్పుడది అతని గొంతులోంచి వచ్చింది. శోభ పైకి పోయి తన నిద్రలో తాను పడుకుంది. ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉన్నాయి.

మరునాడు సాయంత్రం లేచాడు.

"లీవు మొత్తం పాయె గదనే!" అన్నాడు. కోపం మాత్రం లేదు, మొహం తేటగా ఉంది. "కలల బాపు జీపు నడిపిండమ్మా. నేను పక్క సీట్ల పండుకున్న."

భాగ్యమ్మ దగ్గరికి జరిగింది. "తుక్కుగూడ దాటిర్రా?"

"దాటినం. ఇంటిదాక తోలుకొచ్చిండు."

అతను చాయ్ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. భాగ్యమ్మ పరుపు మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది, ఊపిరి లేదు. దుప్పటి మడతపెట్టి, లేచి ఫ్యాను ఆపింది.